నాన్న జీపులో నా సగం

కొంటా,
14 నవంబరు 1987

వరమ్మకు అన్నయ్య ఆశీస్సులు.

క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను. ముందు జీపు సంగతి తేలాలి.

నాన్న పెద్దకర్మ అయిన మర్నాడు నీ వంతు సామాను లారీకెక్కించుకుని భోపాల్‌పట్నం బయల్దేరావు. నేను అరుగు మీద నిలబడి చూస్తూనే ఉన్నాను. బిందెలు, మంచం, అమ్మ కుట్టుమిషను వెళ్ళిపోతుంటే నాకు ఏమీ అనిపించలేదు. వాటి వెనక నాన్న జీపు బాడీ తాళ్ళతో కట్టి కనిపించింది చూడు, అప్పుడు కడుపులో మంట పుట్టింది. ఇంకా ఆరలేదు.

మన ఇంటి పద్ధతి నాకు తెలియనిది కాదు. ఉమ్మడి వస్తువును బయటివాడికి అమ్మకూడదు, ఒక్కరికే ఇవ్వకూడదు. తాతయ్య పోయినప్పుడు రాగి గంగాళాన్ని రెండుగా కోయించిన వంశం మనది. ఆ రెండు సగాల్లో ఎవరైనా చెంబెడు నీళ్ళు కాచుకున్నారా? అయినా బాబాయికి బుద్ధి రాలేదు. "దీంట్ల కొట్లాట ఏందిరా, ఇప్పదీస్తే అదే రెండైతది" అని ముక్కుపొడుం పీల్చి, ఇంజను, గేర్ పెట్టె, ముందు ఇరుసు నాకు, ఛాసిస్, బాడీ, వెనక ఇరుసు నీకు అని తేల్చేశాడు. మన షెడ్డు మేస్త్రీ ముయా బోల్టులు విప్పుతుంటే ఇద్దరం పక్కన నిలబడి కాపలా కాశాం, ఒకరి బోల్టు ఇంకొకరికి పోకుండా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

కాబట్టి నీ సగం నాకు పంపించు. ఇంజను లేని జీపు చక్రాలున్న మంచం. దాని మీద మిరపకాయలు ఎండబెట్టుకుంటావా? బదులుగా అమ్మ ఇత్తడి సామాను మొత్తం తీసుకో. మీ వదిన ఒప్పుకుంది. ఒప్పించాననుకో.

నాకు కుళ్ళు అని నువ్వు అనుకుంటావు. అవును, కుళ్ళే. ఆ జీపు కింద దూరినప్పుడల్లా నాన్న "వరమ్మా, పానా" అని కేకేసేవాడు. నేను అక్కడే, ఆయన కాళ్ళ దగ్గరే ఉండేవాణ్ణి. పానా నా చేతిలోనే ఉండేది. అయినా కేక నీకే. నువ్వు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నా చేతిలోది లాక్కుని ఇచ్చేదానివి. ముప్పై ఏళ్ళు దాటినా ఆ లాగడం నా చేతికి గుర్తుంది.

మేమంతా కులాసా. బావగారికి నమస్కారాలు.

మీ అన్నయ్య,
శేషగిరిరావు


భోపాల్‌పట్నం,
2 డిసెంబరు 1987

అన్నయ్యకు, వదినకు నమస్కారం.

నీ ఉత్తరం మీ బావగారు పైకి చదివారు. చక్రాలున్న మంచం అన్న చోట ఆయనకు నవ్వాగలేదు. ఈయన నా పక్షం కాదని అప్పుడే తెలిసింది.

మంచానికి ఇంజను వచ్చేసింది అన్నయ్యా. జగదల్‌పూర్‌లో పాత ఇనుము కొనే కబాడి దుకాణంలో మహీంద్రా జీపు ఒకటి బోర్లా పడి ఉంది. బాడీ నుజ్జయింది కానీ ఇంజను, గేర్ పెట్టె, ముందు ఇరుసు చెక్కుచెదరలేదు. మన విల్లీస్ జీపుకు తమ్ముడి వరస కదా అది, బోల్టు రంధ్రాలు కూడా చాలావరకు కలిశాయి. కలవనివి లేత్ మీద కలిపించాను. మీ బావగారికి స్పేర్ పార్టుల దుకాణం ఉన్నది దేనికి? ఒక్కటే చిక్కొచ్చింది. కొత్త ఇంజను ఎత్తెక్కువ, నాన్న బానెట్టు మూతపడలేదు. బానెట్టుకు నడిమధ్య కోత పెట్టించి, రేకు ఉబ్బెత్తుగా కొట్టించి అతికించాను. చూడ్డానికి గూని వచ్చినట్టుంది. ఉండనీ.

స్టీరింగు నాన్నదే, ఎడమచేతిదే. ఆ సీట్లో కూర్చుంటే స్ప్రింగు గుచ్చుకుంటుంది. ఆయనకు అన్నేళ్ళు గుచ్చుకుంటూనే ఉందన్నమాట, ఎవరితోనూ అనలేదు.

పానా సంగతి రాశావు. నేను ఒకటి రాయనా? పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు. ఆ జీపు ఒక్కసారంటే ఒక్కసారి మా ఊరు రాలేదు. ఎర్రబోరు సంతకు వారం వారం వెళ్ళేది. దోర్నాపాల్ వెళ్ళేది, సుక్మా వెళ్ళేది. చింతపండు కోసం, ఇప్పపువ్వు కోసం ఏ అడవి దారైనా పట్టేది. సుశీల పుట్టినప్పుడు కూడా నాన్న బస్సులోనే వచ్చాడు. "బండి తేలేదేంది నాన్నా" అంటే, "అన్నకు సరుకుంది బిడ్డా" అన్నాడు. నీకు సరుకుంది. నీకు ఇల్లుంది, అంగడి ఉంది, పొద్దున్నే నాన్న దగ్గు వినే భాగ్యం ఉంది. నాకు మిగిలింది ఒక్క కేక. ఇప్పుడు దానికీ ఏడుస్తున్నావు.

నా సగం నేను పంపను. నీ సగమే నాకు పంపించు, ఇత్తడి సామాను నువ్వే ఉంచుకో.

సుశీల అత్తవారింట్లో బాగుంది. మామయ్యకు నమస్కారాలు చెప్పమంది.

నీ చెల్లెలు,
వరమ్మ


కొంటా,
10 జనవరి 1988

వరమ్మకు,

ఆశీస్సులు ఉన్నాయి, కానీ ఈసారి కోపం ముందు రాస్తున్నాను.

లారీ డ్రైవరు బుధ్రాం మీ ఊరికి ఉప్పు బస్తాలు దించి వచ్చి, నా అంగడిలో కూర్చుని టీ తాగుతూ అందరి ముందూ చెప్పాడు: "అమ్మ బండి గూని బండే గాని మస్తు పోతది సేఠ్." బయలుదేరనే బయలుదేరిందన్నమాట. నాకు టీ చేదుగా అయింది. అంతటితో ఊరుకున్నాడా? బండి ముందు అద్దం కింద శ్రీరంగం జీపు అని పెయింటు చేయించావట. ఎవరినడిగి రాయించావు? నాన్న పేరు కూడా సగం సగం చేశాడా బాబాయి?

నా దగ్గర ఉన్నది నాన్న ఇంజను. తొలకరి నాడు మన ఊళ్ళో అందరి బండ్లూ మొరాయిస్తే కదిలింది ఆ ఇంజను. బండి ప్రాణం ఎక్కడుంటుంది? ఇంజనులో. నీది మహీంద్రా ప్రాణం పోసిన రేకు డబ్బా.

నేనూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. సుక్మాలో జంగిల్ డిపార్టుమెంటు వాళ్ళు పాత బండ్లు నీలామీ వేస్తే, నేనూ ఒక మహీంద్రా తెచ్చాను. దాని ఛాసిస్, వెనక ఇరుసు, బాడీ ఉంచి, ఇంజనూ ముందు ఇరుసూ మాత్రం నాన్నవి బిగిస్తున్నాం. స్టీరింగు పెట్టె పోయి ఉంటే అంబాసిడర్‌ది వేయించాను. హారను బస్సుది. ముందు దీపాలు రెండూ బుల్లెట్ మోటారుసైకిళ్ళవి. ముయా తల గోక్కుంటూ, "సేఠ్, దీనికి ఎవడి పేరు వెడతవ్?" అన్నాడు. శ్రీరంగం పేరే అన్నాను. మా ఊళ్ళో పెయింటరు లేడనుకోకు.

మీ వదిన రోజూ అడుగుతోంది, ఈ వయసులో అన్నాచెల్లెళ్ళకు ఈ పోటీ ఏమిటని. ఆమెకు తోబుట్టువులు లేరు, ఎలా తెలుస్తుంది.

శేషగిరిరావు


భోపాల్‌పట్నం,
6 ఫిబ్రవరి 1988

అన్నయ్యకు నమస్కారం.

ఒక్క రంగు డబ్బాతో ఇంత బాధపడతావని తెలిస్తే ఇంకా పెద్ద అక్షరాలతో రాయించేదాన్ని.

ప్రాణం ఇంజనులో ఉంటుందా? ఉంటే ఉండనీ. మరి నాన్న ఎక్కడ కూర్చున్నాడు, ఇంజను మీదా? ఆయన చెయ్యి రాసుకుని నున్నబడిన అంచు నా దగ్గరుంది. గేటుకు గుద్దుకుని పడ్డ సొట్ట నా దగ్గరుంది. ఛాసిస్ మీద నంబరు నా దగ్గరుంది. వెనక పలక లోపలివైపు నువ్వు మేకుతో గీసిన ఏనుగు కూడా నా దగ్గరే ఉంది, దానికి నువ్వు ఐదు కాళ్ళు పెట్టావు. రంగు వేయించేటప్పుడు దాని మీద వేయొద్దని చెప్పాను. ఇప్పుడు అనిపిస్తోంది, వేయించాల్సిందేమో.

నీ జీపు గురించి బుధ్రాం ఇక్కడా చెప్పాడు. కొత్త బానెట్టు ఎత్తు, నాన్న ఇంజను పొట్టి. పెద్దవాళ్ళ చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా ఉందట లోపల. నవ్వాననుకో. నవ్వి, లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ఎందుకంటే వాడు ఇంకో మాట కూడా అన్నాడు: "సేఠ్ బండి చప్పుడు వింటే పెద్దయ్య వచ్చినట్టే ఉంటది." నా బండి చప్పుడు వింటే ఎవరూ రారు. అది మహీంద్రా చప్పుడు. దుకాణంలో బేరం చేస్తున్నా, బియ్యం ఏరుతున్నా ఆ చప్పుడు నీకు వినిపిస్తుందని గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతోంది.

ఇంకో సంగతి. జగదల్‌పూర్‌లో నీ వియ్యాలవారి దగ్గర, నా జీపు కబాడి కుప్ప అన్నావట. నోటితో అనకపోయినా నీ మనసులో ఉన్నదదే కాబట్టి అన్నట్టే లెక్క.

వదినను అడిగానని చెప్పు.

వరమ్మ


కొంటా,
26 మార్చి 1988

వరమ్మకు,

వియ్యాలవారి దగ్గర నేనేమీ అనలేదు. అయినా నీ ఇష్టం.

ఉగాది నాడు జీపు బయటికి తీశాను. ఊళ్ళో సగం మంది శబరి ఒడ్డుకు వచ్చారు. బాబాయిని కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ముందు చక్రాలకూ ఇంజను బలం అందించే లీవరు వేసి, నాలుగు చక్రాల మీద ఇసుకలోకి దింపాను. ఎడ్లబండి కూడా దిగబడే ఇసుక అది. బండి పడవలా పోయింది. నీళ్ళ అంచుదాకా వెళ్ళి, తిప్పుకుని, రాతి రేవు దాకా వచ్చింది. చూసినవాళ్ళు నోళ్ళు తెరిచారు. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

నువ్వు ఇంతవరకు ఆ లీవరు ముట్టుకోనేలేదని బుధ్రాం చెప్పాడు. చదును రోడ్డు మీద తిరగడానికి నాన్న జీపు ఎందుకు, రిక్షా చాలు. ఒకసారి లీవరు వేసి గట్టు ఎక్కించి చూడు. చేవ ఉంటే తెలుస్తుంది.

శేషగిరిరావు


భోపాల్‌పట్నం,
20 ఏప్రిల్ 1988

అన్నయ్యకు నమస్కారం.

పడవలా పోయిందని చదివి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మీ బావగారు, "ఏమైందే" అంటే, తలనొప్పి అన్నాను. శబరి ఇసుకలో ఆ జీపును నడిపించాలని నాకు ఎన్నేళ్ళ కోరికో నీకు తెలుసు. నువ్వు నడిపావు. ఊరు చూసింది. బాబాయి చూశాడు. సరే, బాగుండు. ఈ మాట మనసారా రాయడం లేదు, అయినా రాశాను కదా.

ఇక్కడ ఒక శుభవార్త. మన సుశీలకు శ్రావణంలో పురుడు. పురిటికి ఇక్కడికే వస్తుంది. నాన్న పోయిన ఏడాదిలోనే ఇంట్లో పసిబిడ్డ అంటే అందరికీ ఆనందంగా ఉంది. మీ బావగారు ఇప్పటి నుంచే ఉయ్యాల వెతుకుతున్నారు.

ఒక్కటే భయం. సుశీలకు కాస్త బలహీనం, కాన్పు బీజాపూర్ ఆసుపత్రిలోనే జరగాలని ఇక్కడి నర్సమ్మ గట్టిగా చెప్పింది. శ్రావణంలో మా వాగు సంగతి నీకు తెలియదు. బస్సు ఆగిపోతుంది. దిగి నడిచే మనుషులకు నడుములోతు. కానీ నాకు భయం తీరింది, నీ ఉత్తరం చదివాకే తీరింది. ఇసుకలో నీది పడవలా పోతే నాది ఎందుకు పోదు? ఇద్దరివీ ఒకే కలగలుపు కదా, సగం నాన్నది, సగం మహీంద్రాది. వాగు దగ్గర ముందు చక్రాల లీవరు వేసి, ఇసుక దాటించి, అవతలి రాతి గట్టు ఎక్కించేస్తాను. నేనే తోలుతాను. నీకంటే బాగా తోలుతాను, ఆ సంగతి నాన్నకు కూడా తెలుసు.

ఇప్పుడే ప్రయత్నిద్దామంటే వాగు ఎండిపోయి ఉంది, పనేముంది అని ఊరుకున్నాను. నువ్వు అంత ఎగతాళి చేశావు కనుక ఈ వానల్లో చూపిస్తాను చేవ.

నీ చెల్లెలు,
వరమ్మ


కొంటా,
5 మే 1988

చెల్లీ,

ఈ ఉత్తరం అందిన వెంటనే చదువు. ఎగతాళి అనుకోకు, కోపం పక్కన పెట్టు.

ఉగాది నాడు జరిగినదాంట్లో సగమే రాశాను. ఇసుకలో పోయిన మాట నిజం. రాతి రేవు ఎక్కుతుండగా బండి బిగుసుకుపోయింది, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు. నేను ఆపలేదు. అందరూ చూస్తున్నారని ఇంకా తొక్కాను. కింద నుంచి తుపాకీ పేలినట్టు చప్పుడైంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలం పంచే చిన్న గేర్ పెట్టె రెండుగా పగిలి, నూనె అంతా రాళ్ళ మీద కారింది. ఎడ్లను కట్టి ఇంటికి లాగించాను. బాబాయి కుర్చీలోంచి లేచి, "గంగాళం లెక్కనే అయింది గదరా" అని వెళ్ళిపోయాడు.

ముయా రెండు ఇరుసులూ విప్పి చూశాడు. లోపల పెద్ద పళ్ళచక్రం ఉంటుంది కదా, నాన్న ఇరుసులో దానికి ముప్పై తొమ్మిది పళ్ళు. మహీంద్రా ఇరుసులో నలభై మూడు. తప్పు ఇరుసులది కాదు. వాటి జోడీలో అవి బంగారంలా పనిచేస్తాయి. విడదీసి కలిపింది మనం. ముందు చక్రాలు ఒక లెక్కన తిరుగుతాయి, వెనకవి ఇంకో లెక్కన. లీవరు వేయనంతసేపు తెలియదు. ఇసుకలో చక్రాలు కాస్త జారి సర్దుకుంటాయి. గట్టి నేల తగిలిందంటే జారే వీలుండదు, ఆ పెనుగులాటంతా మధ్య పెట్టె మీద పడుతుంది. నీది కూడా అంతే, నాకు వెనకున్నది నీకు ముందుంది. వాగు నడుమ ఇసుకలో బాగానే పోతావు. రాతి గట్టు మీద, ముందుకీ వెనక్కీ కదలని బండిలో, నిండు చూలాలితో ఇరుక్కుంటావు. వెనక నీళ్ళు పెరుగుతుంటాయి.

ఇది తెలిసే నిన్ను లీవరు వెయ్యమని రాశాను. నీది కూడా విరగాలనే రాశాను. నేను ఊరి ముందు తల దించుకుంటే నువ్వు మాత్రం అక్కడ తలెత్తుకుని తిరుగుతావా అని. సుశీల సంగతి అప్పటికి నాకు తెలియదు. తెలియకపోతే మాత్రం రాయదగిన మాటేనా అది.

ఇప్పుడు ఒకటే మార్గం. నాన్న ఇరుసులు రెండూ ఒకే బండి కింద ఉండాలి. నువ్వు నీ వెనక ఇరుసు విప్పి బుధ్రాం లారీలో నాకు పంపించు. నేను నా జీపు సరిచేసి, ఆషాఢంలోనే మీ ఊరు తెచ్చి, సుశీలను నేనే వాగు దాటిస్తాను. మేనమామను, నాకా హక్కు ఉంది.

మీ అన్నయ్య


భోపాల్‌పట్నం,
24 మే 1988

అన్నయ్యకు,

నీ ఉగాది ఉత్తరం ఒక చేతిలో, ఈ ఉత్తరం ఒక చేతిలో పట్టుకుని కూర్చున్నాను. రెండింట్లో ఏదో ఒకటి అబద్ధం. ఏదో చెప్పమంటావా? రెండోదే. ఎందుకంటే దాని తోక చివర నా ఇరుసు ఉంది.

ఎంత తెలివి అన్నయ్యా. మొదట సగం పంపమన్నావు, ఇత్తడి చూపించావు. పనిచేయలేదు. తర్వాత వెక్కిరించావు. పనిచేయలేదు. ఇప్పుడు కడుపుతో ఉన్న పిల్లను అడ్డం పెట్టుకున్నావు. పళ్ళట, లెక్కట, తుపాకీ చప్పుడట. పడవలా పోయిన బండి నేను వాగు దాటిస్తానని రాసేసరికి పగిలిపోయిందా? నాన్న మునిమనవణ్ణి నా జీపు ఎక్కించి తీసుకొస్తానని నీకు కడుపు మండింది. ఆ పేరు కూడా నీకే దక్కాలి. మేనమామ హక్కట.

ఇన్నాళ్ళూ నీ కుళ్ళు చూసి లోపల్లోపల సంతోషించేదాన్ని. నాకూ ఉంది కదా, సరికి సరి అనుకునేదాన్ని. పురిటి మనిషి దాకా వస్తావనుకోలేదు. మీ బావగారు, "పోనీ విప్పి చూద్దాం" అంటే, నేనే వద్దన్నాను. నీ మాట మీద నా బండి విప్పను.

ఇక నాకు ఉత్తరాలు రాయకు. బిడ్డ పుట్టాక కార్డు వేస్తాను, అది వదిన పేరున వేస్తాను.

వరమ్మ


కొంటా,
9 జూన్ 1988

వరమ్మకు,

రాయొద్దన్నావు. ఇది ఉత్తరం కాదు, సరుకుతో పాటు పంపే చీటీ.

బుధ్రాం లారీలో నాన్న ముందు ఇరుసు వస్తోంది. గోనెసంచుల్లో చుట్టాను. దాని పక్కన ఇంకో మూట ఉంటుంది, అందులో పగిలిన గేర్ పెట్టె ముక్కలు. ముందు ఆ మూట విప్పు. తర్వాత ఇరుసు మూత తీసి పళ్ళు లెక్కపెట్టు, నీ బండి ముందు ఇరుసుకీ లెక్కపెట్టు. నా మాట నమ్మక్కర్లేదు.

నీ ఇరుసు నాకు పంపమని రాయకుండా ఉంటే నమ్మేదానివి. రాసేటప్పుడే చెయ్యి ఆగింది, అయినా రాశాను. నిజం చెప్పే ఉత్తరంలో కూడా జీపు నాకే కావాలనిపించింది. ఏం చేయను, అలాంటి మనిషిని.

ఇరుసు విప్పుతుంటే ముయా, "మల్ల తోలవా సేఠ్ దీన్ని?" అని అడిగాడు. ముందు చక్రాల్లేని బండిని ఎట్లా తోలతాను. ఇటుకల మీద నిలబెట్టాం. ఇంజను మాత్రం నా దగ్గరే ఉంది, అది అడగకు. సాయంత్రం అంగడి కట్టేశాక ఒకసారి స్టార్టు చేసి కాసేపు విని ఆపేస్తున్నాను. మీ వదిన వినపడనట్టు లోపల పనిచేసుకుంటుంది.

సంతోషంగా పంపుతున్నానని అనుకోకు. లారీ కదిలినప్పుడు నాకు నవంబరులో ఎట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది. నాన్న రెండు ఇరుసులూ నీ బండి కిందే ఉంటాయి, ఇక అది నిజంగా ఆయన జీపే. ఆ మాట రాయడానికి నాకు పొద్దుటి నుంచి పట్టింది. వానలు పడకముందే బిగించు. గట్టు దగ్గర తొందరపడకు.

శేషగిరిరావు


భోపాల్‌పట్నం,
28 ఆగస్టు 1988

అన్నయ్యకు నమస్కారం. వదినకు నమస్కారం. ముయాను అడిగానని చెప్పు.

మొన్న గురువారం సుశీలకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. పిల్లకు మన నాన్న చెవులే వచ్చాయి, పాపం.

వరస తప్పకుండా చెప్తాను. నీ మూట విప్పకుండా వసారాలో పడేశాను. బుధ్రాం దించేటప్పుడు, "అమ్మా, సేఠ్ లారీ ఎనక శాన దూరం నడిచిండు" అన్నాడు. వాడు వెళ్ళాక మూట విప్పాను. ఆ ముక్కల అంచులు చూసి, అక్కడే కూర్చుని ఇరుసు మూత తీశాను. పళ్ళు లెక్కపెట్టాను, నువ్వన్నట్టే ఉన్నాయి. తెలియకుండానే సుశీలను వాగులో ముంచడానికి సిద్ధమై, పైగా నిన్ను తిట్టాను. ఆ ఉత్తరం నీ దగ్గర ఉంటే చింపెయ్. ఇరుసు మేమే బిగించాం, మీ బావగారు దీపం పట్టుకున్నారు.

నొప్పులు తెల్లారి మొదలయ్యాయి. వాగు ఎర్రగా పొర్లుతోంది, బస్సు ఇవతలే ఆగిపోయింది. లీవరు వేశాను. నీళ్ళు బాడీలోకి వచ్చి సుశీల పాదాలు తడిశాయి. ఇసుక దాటింది. రాతి గట్టు తగలగానే నువ్వు రాసినట్టే తొందరపడకుండా తొక్కాను. బండి బిగుసుకోలేదు. నాలుగు చక్రాలూ ఒక్క లెక్కన పట్టుకుని పైకెక్కేశాయి. మధ్యాహ్నానికి పిల్ల పుట్టింది.

తిరిగొచ్చేసరికి నీళ్ళు తగ్గాయి, మా ఊరంతా వాగు దగ్గరే ఉంది. బండి చుట్టూ చేరారు. బాగుంది, గట్టిది, ఏ కంపెనీది అన్నారు. మెచ్చుకున్నారు. నేను అందరి మొహాలూ చూశాను. ఒక్క మొహంలోనూ కుళ్ళు లేదు అన్నయ్యా. వాళ్ళకు అది వట్టి బండి. ఈ లోకంలో దాన్ని చూస్తే కడుపు మండే మనిషివి నువ్వొక్కడివే ఉన్నావు, నువ్వేమో అక్కడ ఇటుకల దగ్గర కూర్చున్నావు. నేను గెలిచాను. గెలిచినట్టు అనిపించలేదు.

దసరా వెళ్ళగానే జీపు కొంటా తెస్తున్నాను. నువ్వు తోలు. శబరిలో ఊరంతా చూసేట్టు తోలు. నేను పక్కన కూర్చుని కుళ్ళుకుంటాను.

నీ చెల్లెలు,
వరమ్మ